వాన్ హేలెన్ 'డ్యాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్': ట్రంపెట్లు ఏమైపోయాయి?

నోవై_నాన్న:

అందరికీ హాయ్. ఇక్కడ పాటలు నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, సిల్లీగా ఉంటే తిట్టకండి.

మేం ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి కార్లో అరగంట, ట్రాఫిక్ ఉంటే ఇంకో పావుగంట. శనివారం పొద్దున మా వాణ్ణి స్విమ్మింగ్ క్లాసుకి దింపడానికి వెళ్తూ క్లాసిక్ రాక్ స్టేషన్ పెట్టా, అందులో అమెరికన్ రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ వాళ్ళ డ్యాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్ వచ్చింది, 1982 డైవర్ డౌన్ ఆల్బంలోది. ఇంజినీరింగ్ రోజుల నుంచీ వింటున్న పాటే. మొదట్లో ఆ కీబోర్డు డుగుడుగుడుగు అంటూ మొదలవుతుంది చూడండి, అది వస్తే చాలు నాకు సౌండ్ పెంచాలనిపిస్తుంది. పెంచా కూడా. పాట అయ్యాక వెనక సీట్లోంచి మా వాడు "నాన్నా, ఇది ట్రంపెట్ పాట కదా, ట్రంపెట్లేవి?" అన్నాడు. వాడికి పదకొండేళ్ళు, స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు, వాళ్ళ టీచర్ ఒరిజినల్ ప్రాక్టీస్ చేయించార్ట.

ఇంటికొచ్చి 1964 నాటి మార్తా రీవ్స్ అండ్ ది వాండెల్లాస్ పాట పెట్టుకున్నా. నిజం చెప్పాలంటే అంతకుముందు దాన్ని పూర్తిగా ఎప్పుడూ వినలేదు, సినిమాల్లోనో షాపింగ్ మాల్లోనో ముక్కలు ముక్కలుగా చెవిన పడిందంతే. ఒకదాని తర్వాత ఒకటి నాలుగైదు సార్లు విన్నాక నాకు అర్థమైంది ఒక్కటే, ఒరిజినల్ వింటుంటే చేతులు వాటంతటవే చప్పట్లు కొడుతున్నాయి, రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ. వాన్ హేలెన్‌ది వింటుంటే చప్పట్లు రావట్లేదు, స్టీరింగ్ మీద వేళ్ళు మాత్రం టకటకా ఆడుతున్నాయి. పాట అదే, మాటలు అవే, మరి ఒంటికి ఇంత తేడాగా ఎందుకు తెలుస్తోంది?

ఇంకోటేంటంటే, వాన్ హేలెన్‌ది వింటే రెండు పాటలు ఒకేసారి నడుస్తున్నట్టుంటుంది నాకు. కీబోర్డు దాని దారిన అది పోతుంటుంది, పైన డేవిడ్ లీ రాత్ ఆయన దారిన ఆయన పాడుకుంటుంటాడు. ఇది నా చెవి లోపమా, లేక ఇంకెవరికైనా ఇలా అనిపించిందా?

—

మూగ్_పిచ్చోడు:

అన్నా మీ చెవికేం కాలేదు, భేషుగ్గా ఉంది. అవి నిజంగానే రెండు పాటలు.

కథ ఏంటంటే, 1981 టూర్ అయ్యాక బ్యాండ్ అలిసిపోయి ఉంది, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకుందాం, ఈలోపు జనం మర్చిపోకుండా ఒక సింగిల్ వదులుదాం అని రాత్ ఐడియా. ఆయనకి చేయాలని ఉన్న పాట ఇదే, డ్యాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్. మార్తా రీవ్స్ టేపు బ్యాండ్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ చేతిలో పెట్టాడు. ఎడ్డీ విని, దీంట్లో నాకు పట్టు దొరకట్లేదు, రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న వాయిద్యం ముక్క) ఏదీ తట్టట్లేదు అని పక్కన పెట్టేశాడు. ఊరికే కార్డ్స్ పట్టుకుని స్ట్రమ్ చేయడం ఆయనకి నచ్చదు, పాటకి ఒక రిఫ్ ఉండాలి, అది లేకపోతే ఆయనకి పాటే లేదు. కవరే (అంటే వేరేవాళ్ళ పాట మళ్ళీ పాడటం) చేయాలంటే రాయ్ ఆర్బిసన్ ప్రెట్టీ వుమన్ చేద్దాం అన్నాడు, అది ఒక్క రోజులో అయిపోయింది, చార్టుల్లో 12 దాకా వెళ్ళింది. హిట్ అయ్యేసరికి కంపెనీవాళ్ళు ఆల్బం ఏదీ ఆల్బం ఏదీ అని వెంటపడ్డారు, రెస్ట్ గాలికి పోయింది, హడావుడిగా డైవర్ డౌన్ చేశారు. మొత్తం కలిపి ముప్పై ఒక్క నిమిషాలు ఉంటుందేమో, పన్నెండు ట్రాకుల్లో ఐదు వేరేవాళ్ళ పాటలే.

ఇప్పుడు మీ డుగుడుగు సంగతి. అది మినీమూగ్ అనే సింథసైజర్. ఆ రిఫ్ ఎడ్డీ ఈ పాట కోసం చేసింది కాదు! తన సొంత పాట ఒకటి ఏదో తయారుచేసుకుంటున్నాడు, ఇంగ్లాండ్ సింగర్ పీటర్ గేబ్రియల్ టైపులో వస్తుందనుకున్నాడట. అది నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ చెవిన పడింది, ఇంకేముంది, ఇది డ్యాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్‌కి భలే సరిపోతుంది అని అక్కడ అతికించేశాడు. అప్పట్లో ఇంటర్వ్యూల్లో ఎడ్డీ ఈ పాటని వెనకేసుకొచ్చాడు, దీని అరేంజ్‌మెంట్ మీద అంత కష్టపడితే ఒరిజినల్ లాగే ఉందని కొట్టిపారేస్తారా అని క్రిటిక్స్ మీద విసుక్కున్నాడు కూడా. తర్వాత తర్వాత మాత్రం ఆ రిఫ్ వృథా అయిపోయిందన్న బాధ బయటపెట్టాడు, వేరేవాళ్ళ పాటతో హిట్ కొట్టడం కంటే సొంత పాటతో ఫ్లాప్ అవ్వడమే నయం అనే స్థితికి వచ్చేశాడు. అందుకే మీకు కీబోర్డు ఒక దారిన, గొంతు ఒక దారిన పోతున్నట్టు వినిపిస్తోంది, వేరే ఇంటికి కొలతలు తీసిన తలుపు తెచ్చి ఈ ఇంటికి బిగించారు, మూసుకోవడానికైతే మూసుకుంటుంది గానీ సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది.

పోయిన లాక్‌డౌన్‌లో నేను దీన్ని ఇంట్లో ట్రై చేశా, ల్యాప్‌టాప్‌లో మినీమూగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని. మామూలుగా వాయిస్తే ఏడ్చినట్టుంది. డిలే ఆన్ చేసి, ఒక నోట్ వదిలి దాని ప్రతిధ్వని వచ్చే గ్యాప్‌లో ఇంకో నోట్ వేయడం మొదలుపెట్టాక అప్పుడు కొంచెం దగ్గరికొచ్చింది. అంటే మీరు వినేదాంట్లో సగం మనిషి వేలు, సగం మెషిన్ తిప్పికొట్టేది. ఆ ఖాళీలన్నీ అలా నిండిపోతే మీరింక చప్పట్లు ఎక్కడ కొడతారు? చోటే లేదు. వేళ్ళు ఆడించడం తప్ప వేరే దారి లేదు.

—

పాత_క్యాసెట్:

మూగ్ తమ్ముడు చెప్పింది కరెక్టే గానీ మరీ పోస్ట్‌మార్టం చేసేశాడు పాపం పాటని.

1983లో నేను ఉస్మానియా హాస్టల్లో ఉన్నప్పుడు మా రూమ్మేట్ వాళ్ళ అన్న అమెరికా నుంచి వస్తూ ఈ క్యాసెట్టు పట్టుకొచ్చాడు. కవర్ మీద ఏమీ ఉండదు, ఎర్ర జెండా, దానికి అడ్డంగా ఏటవాలుగా తెల్లగీత, అంతే. పక్క రూములో ఒకాయన విప్లవ రాజకీయాల మనిషి, ఆ ఎర్ర రంగు చూసి ముచ్చటపడి ఏ దేశం పార్టీది ఇది అని అడిగాడు. అది నీళ్ళ కింద డైవర్ ఉన్నాడు జాగ్రత్త అని పడవ మీద కట్టే జెండా అని మాకు మాత్రం ఏం తెలుసు, ఏదో పార్టీదే అనుకోనిచ్చాం. దాంతో రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని వినేవాడు పాపం, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

సెకండ్ సైడ్ తిప్పగానే మొదటి పాట ఇదే. మాకు మార్తా రీవ్స్ ఎవరో తెలీదు, మోటౌన్ అంటే ఆవిడ పాటలు తెచ్చిన డెట్రాయిట్ రికార్డు కంపెనీ అని తెలీదు, ఇది వాన్ హేలెన్ పాటే అనుకున్నాం ఏళ్ళ తరబడి. ఒరిజినల్ పోయిందనే బాధ ఒరిజినల్ తెలిసినోడికి కదా ఉండేది. మాకది లేదు. తలుపుకి సందులుంటే ఉండనీ, ఆ సందుల్లోంచే మాకు గాలి తగిలింది. మన సినిమాల్లో తాతగారి పాట మనవడు రీమిక్స్ చేస్తే పెద్దోళ్ళు మొహం చిట్లిస్తారు, పిల్లలు ఎగురుతారు, అదే కథ. నాకిప్పుడు అరవై దాటింది, అయినా ఈ పాట విషయంలో నేను పిల్లల పార్టీయే.

ఇంకోటి, అదే సైడ్‌లో బిగ్ బ్యాడ్ బిల్ అని పాత కాలం పాట ఉంది చూడండి, అందులో క్లారినెట్ వాయించింది ఎడ్డీ వాళ్ళ నాన్న యాన్. కొడుకులిద్దరూ, ఎడ్డీ, డ్రమ్మర్ అలెక్స్, ఆయన్ని స్టూడియోకి పిలిచి వాయిపించుకున్నారు. కవర్లు కవర్లు అని ఈ ఆల్బంని తిట్టేవాళ్ళు అది కూడా విని తిట్టాలి.

—

స్నేర్_డ్రమ్:

అందరూ కీబోర్డు గురించే కొట్టుకుంటున్నారు, అసలు విషయం రిథమ్‌లో ఉంది. ఒరిజినల్‌లో ఆ టప్ టప్ ఉంది చూడండి, అది ఉత్త డ్రమ్ కాదు, పాట రాసిన ముగ్గురిలో ఒకాయన టైరు చైను పట్టుకుని నేలకేసి కొట్టాడు. అందుకే అంత బరువు. వాన్ హేలెన్ దాంట్లో అలెక్స్ మంచి డ్రమ్మరే గానీ, ఇనుముకి ఇనుమే కావాలి.

—

గ్రాండ్‌రివర్_రోడ్:

@స్నేర్_డ్రమ్ గారూ చిన్న కరెక్షన్. చైన్లు ఈ పాటలో కాదండీ, అదే వాండెల్లాస్ తర్వాతి ఏడాది 1965లో చేసిన నోవేర్ టు రన్‌లో. మంచులో జారకుండా టైర్లకి చుట్టే చైన్లు అవి, మా మిషిగన్‌లో అలాంటివాటికి కొదవేముంది. ఈ పాటలో ఐవీ జో హంటర్ కొట్టింది క్రోబార్, మన గడ్డపారకి చిన్న తమ్ముడనుకోండి. రెండు పాటలూ ఒకే స్టూడియో, ఒకే మనుషులు కాబట్టి అందరూ కలిపేస్తుంటారు, నేనూ కలిపేసేదాన్ని.

నోవై అన్నా, మీరు అరగంట దూరంలో ఉండి ఇక్కడ అడుగుతున్నారా! వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు, మోటౌన్ మ్యూజియం. ముందు హిట్స్‌విల్ యూఎస్ఏ అని బోర్డు ఉంటుంది. బయట నుంచి చూస్తే మామూలు రెండంతస్తుల ఇల్లు, మన కాలనీల్లో ఏ రిటైర్డ్ హెడ్మాస్టర్ గారిదో అన్నట్టు ఉంటుంది. మోటౌన్ కంపెనీ పెట్టిన బెర్రీ గార్డీ 1959లో కొన్నాడు. స్టూడియో ఏ అనే గది చూసి మా ఆయన "ఇంతేనా" అన్నాడు, మా అపార్ట్‌మెంట్ లివింగ్ రూమ్‌కి కాస్త పెద్దది. అంతమంది వాయిద్యాలవాళ్ళు ఒకే గదిలో ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేలా కూర్చుని వాయించారు. సీలింగ్‌లో ఒకచోట కన్నం ఉంటుంది, పైన అటక, అదే వాళ్ళ ఎకో మెషిన్. టూర్‌లో దాని కింద నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు. నేను కొడితే నా చప్పట్లు నాకే ఏదో రికార్డులోంచి వచ్చినట్టు వినిపించాయి. మూగ్ గారు డిలే అన్నారు చూడండి, ఎడ్డీకి అది పెట్టెలోంచి వచ్చింది, వీళ్ళకి అటకలోంచి వచ్చింది.

పాట పుట్టుక కూడా ఆ వీధుల్లోనే. మోటౌన్ నిర్మాత మిక్కీ స్టీవెన్‌సన్ ఎండాకాలంలో కార్లో పోతుంటే పిల్లలు ఫైర్ హైడ్రెంట్ తెరిచేసి ఆ నీళ్ళలో గంతులేస్తున్నారు, ఫైరింజన్‌వాళ్ళు నీళ్ళు పట్టుకోవడానికి ఫుట్‌పాత్ మీద ఉంటాయి కదా, అవి. తెల్ల పిల్లలు నల్ల పిల్లలు అందరూ కలిసి. అది చూసి ఆయన, సింగర్ మార్విన్ గే, ఐవీ జో ముగ్గురూ కలిసి రాశారు. మార్తా అప్పటికే పాటలు పాడుతోంది గానీ అంతకుముందు ఆ ఆఫీసులోనే స్టీవెన్‌సన్ దగ్గర సెక్రటరీ. ఆవిడ ఒకసారి అద్భుతంగా పాడేస్తే, అయ్యో మెషిన్ ఆన్ చేయలేదు ఇంకోసారి పాడు అన్నారట. ఆ మంటతో పాడిన రెండోదే మనం వినేది. ఆ గొంతులో ఉన్నది సంతోషం ఒక్కటే అనుకున్నా ఇన్నాళ్ళూ, ఈ సంగతి తెలిశాక విన్నప్పుడల్లా "ఇంకోసారా?" అన్న విసుగు కూడా వినిపిస్తోంది, ముఖ్యంగా ఊళ్ళ పేర్లు వరసపెట్టి పిలిచేటప్పుడు.

అన్నట్టు ఇది నంబర్ వన్ అవ్వలేదు తెలుసా, 1964 అక్టోబర్‌లో రెండో స్థానం దగ్గర ఆగిపోయింది, పైన మాన్‌ఫ్రెడ్ మాన్ వాళ్ళ డూ వా డిడ్డీ డిడ్డీ కూర్చుని కదల్లేదు. ఎక్కడి న్యాయం.

—

నోవై_నాన్న:

అయ్యో చెల్లెమ్మా పరువు తీశావు, పదేళ్ళుగా ఇక్కడుండి ఆ మ్యూజియంకి వెళ్ళలేదు నేను. ఈ ఆదివారం మా వాణ్ణి తీసుకెళ్తా.

మూగ్ అన్నా, రిఫ్ లేకపోతే ఎడ్డీకి పాటే లేదు అన్నావు కదా, అది చదివి మళ్ళీ గిటార్ తీసి ఒరిజినల్‌తో పాటు వాయిద్దామని కూర్చున్నా. చాలాసేపు ఒకే కార్డ్ మీద ఉంటుంది! నాకేం పని లేదు అక్కడ. ట్రంపెట్లు మాట్లాడతాయి, బేస్ నడుస్తుంది, ఆ గడ్డపార దెబ్బ పడుతుంది, గిటార్ పట్టుకున్నవాడు పెళ్ళిలో మగపెళ్ళివారి బాబాయిలా నిలబడి ఉండటమే. ఎడ్డీ లాంటివాడికి ఎంత కష్టమో అర్థమైంది. ఇంకా మా వాడి ప్రశ్నకి జవాబు కూడా దొరికినట్టే ఉంది, ట్రంపెట్ల కుర్చీలో మినీమూగ్ కూర్చుంది.

—

స్నేర్_డ్రమ్:

చైను కాదు గడ్డపార. ఒప్పుకున్నా. ఇన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పానో చైను అని.

—

కరీంనగర్_రాకర్:

గ్రాండ్‌రివర్ అక్కా మంచిగ చెప్పినవ్. కానీ ఒక మాట ఎవ్వరూ అంటలేరు. ఆ పాట పార్టీ పాట ఒక్కటే కాదు. అరవైల్ల నల్లోళ్ళ హక్కుల ఉద్యమాలు నడుస్తున్నప్పుడు వీధిల డ్యాన్స్ అంటే వీధికెక్కుడు అని అర్థం చేసుకున్నోళ్ళు చానామంది ఉన్నరు. మార్తా మాత్రం అది పార్టీ పాటే, ఇంకేం లేదు అనే చెప్పింది ఎప్పుడు అడిగినా. 1967 జులై 23 ఆదివారం ఆమె డెట్రాయిట్‌లనే ఫాక్స్ థియేటర్ స్టేజి మీద ఉండంగ, బయట గొడవలు షురువైనయ్, జనానికి చెప్పి ఇండ్లకు పంపియ్ అని ఆమెకే చెప్పిన్రు. ఆ అల్లర్లల్ల 43 మంది చచ్చిపోయిన్రు. ఆ తర్వాత ఏడాది రోలింగ్ స్టోన్స్ స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్ చేసిన్రు, అందుల ఒక లైన్ ఇదే పాట లైన్‌ను తిప్పి రాసిందే, డ్యాన్స్ కాడ కొట్లాట పెట్టిన్రు.

గిదంతా 1982ల లాస్ ఏంజెలెస్‌ల కూసొని పాడేటోనికి ఉంటదా? ఉండదు. రాత్ గొంతుల వీధి లేదు, స్విమ్మింగ్ పూల్ ఉంది. పూల్ పార్టీ తప్పేం కాదు, నాక్కూడా ఇష్టమే, కానీ పైపులకెళ్ళి ఎగిరే నీళ్ళల్ల తడుసుడు వేరే, పూల్‌ల దుంకుడు వేరే. నోవై అన్న చప్పట్లు ఎందుకు వస్తలేవు అంటే నా జవాబు ఇది. మా దగ్గర డప్పు కొట్టెటోడు గుంపు నడుమల నిలవడి కొడ్తడు, దూరం నుంచి కొడితే ఎవ్వని కాలూ లేవది.

—

మూగ్_పిచ్చోడు:

@కరీంనగర్_రాకర్ బాగా చెప్పారు బాస్, కానీ మరీ అన్యాయం కూడా చేయకండి. ఎడ్డీ దాన్ని ఒరిజినల్‌లా చేయబోయి ఫెయిల్ అవ్వలేదు, అసలు అలా చేయనే లేదు. 1985లో డేవిడ్ బౌవీ, రోలింగ్ స్టోన్స్ మిక్ జాగర్ కలిసి చేసింది చూడండి, లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ కోసం, పాట రికార్డింగూ వీడియో షూటింగూ కలిపి ఒక రోజు చిల్లరలో అయిపోయింది, ఇంగ్లాండ్‌లో నంబర్ వన్, అమెరికాలో 7. వాన్ హేలెన్‌ది 38 దగ్గర ఆగింది. కానీ బౌవీ జాగర్ దాంట్లో కొత్తగా ఒక్క ఆలోచన చూపించండి నాకు. వాన్ హేలెన్ దాంట్లో ఒకటుంది, తప్పు పాటలో పడిన మంచి ఆలోచన.

ఇంకా ఆ ఆలోచన అక్కడితో చావలేదు. కీబోర్డు మీద ఎడ్డీకున్న పిచ్చి రెండేళ్ళ తర్వాత 1984లో జంప్ అయి వచ్చింది, వాళ్ళకి అమెరికాలో నంబర్ వన్ అయిన ఒకే ఒక్క పాట. ఈలోగా ఇంటి పెరట్లో 5150 అని సొంత స్టూడియో కట్టుకున్నాడు, ఇంక తన రిఫ్ తీసుకెళ్ళి ఎవరూ ఇంకో పాటకి అతికించకుండా.

—

పాత_క్యాసెట్:

జంప్ వచ్చేసరికి మా విప్లవం మిత్రుడు హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, క్యాసెట్టు కూడా తీసుకెళ్ళాడు. ఎర్ర జెండా కదా.

—

నోవై_నాన్న:

అప్‌డేట్. ఆదివారం వెళ్ళొచ్చాం. మా వాడు ఆ కన్నం కింద నిలబడి చప్పట్లు కొట్టాడు, ట్రంపెట్ ఎందుకు తేలేదు నాన్నా అని దారంతా సాధించాడు. తిరుగు ప్రయాణంలో ఒరిజినల్ పెట్టా, ముగ్గురం చప్పట్లు కొట్టాం, నేను స్టీరింగ్ వదలకూడదు కాబట్టి తొడ మీద కొట్టుకున్నా. తర్వాత వాన్ హేలెన్‌ది పెట్టా. మా ఆవిడ రెండు నిమిషాలు విని "ఇది బానే ఉంది కానీ ఆ పాట ఎప్పుడు మొదలవుతుంది?" అంది.

నాకు మాత్రం డుగుడుగు రాగానే చెయ్యి సౌండ్ దగ్గరికే పోయింది మళ్ళీ. ఏం చేస్తాం.

ఇంతకీ ఇదే పాట 1965లో ఇంగ్లాండ్ బ్యాండ్ కింక్స్ వాళ్ళు కూడా చేశారని చూశా. ఎవరైనా విన్నారా, ఎలా ఉంది?

—

స్నేర్_డ్రమ్:

విన్నా. వద్దు.